ఒక బిళ్ళ, రెండు మందులు

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకు వినపడుతోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంటే చెప్పండి, గొంతు పెంచుతాను. ఫ్యాను ఆపమని మాత్రం అడగొద్దు, కోవూరు ఎండలు మీకు కొత్త కాదు.

మందుల సంచులు వెంట తెచ్చుకోమని మీకు ముందే చెప్పించాం. చాలామంది చేతుల్లో కనిపిస్తున్నాయి, సంతోషం. తేనివాళ్లు కూడా కూర్చోండి. నేను డాక్టర్ని కాను. ప్రభుత్వ ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా 31 ఏళ్లు మందులిచ్చి రిటైరయ్యాను. ఇప్పుడు పొద్దున పూట మా అబ్బాయి మందుల షాపులో కూర్చుంటాను. మీరు ఏ మందు వాడాలో చెప్పే అధికారం నాకు లేదు. మీరు ఇప్పటికే వాడుతున్న బిళ్ళలో ఏముందో చెప్పగలను. ఈరోజు మాట్లాడబోయేది బీపీకి వేసుకునే జంట మందు గురించి, అంటే ఒకే బిళ్ళలో రెండు మందులు కలిపి వచ్చేదాని గురించి.

పోయినేడు వరి నాట్లప్పుడు పడుగుపాడు వైపు నుంచి ఒక పెద్దాయన షాపుకొచ్చాడు. బల్ల మీద కూర్చుని పంచె పైకి లాగి, "అబ్బయ్యా, కాళ్లు చూడు ఎట్టా పొంగినాయో" అన్నాడు. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో ఒత్తి చూపించాడు. వేలు తీసినా గుంట అట్లాగే ఉండిపోయింది. ఇంట్లో వాళ్లు గుండె జబ్బేమోనని భయపెట్టారట. తెలిసినవాళ్లెవరో నీరు పోయే బిళ్ళ ఇస్తే అదీ మొదలుపెట్టాడు. ఏమేం వాడుతున్నావు పెద్దాయనా అంటే, జేబులోంచి రెండు అట్టలు తీశాడు. ఒకటి పీహెచ్‌సీలో ఇచ్చిన ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు. రెండోది పెన్న దాటి నెల్లూరు పొగతోటలో చూపించుకుంటే రాసింది, టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 కలిపిన బిళ్ళ. "అదీ బీపీదే, ఇదీ బీపీదే గదా. రెండూ ఏసుకుంటే తొందరగా తగ్గుద్దనుకున్నా" అన్నాడు.

ఆయన లెక్కలో అవి రెండు బిళ్ళలు. నా లెక్కలో రెండు బిళ్ళల్లో మూడు మోతాదుల మందు, అందులో ఆమ్లోడిపిన్ రెండుసార్లు. పొగతోట డాక్టరు గారు రాసిన కొత్త బిళ్ళలోనే పాత మందు కూడా ఉంది. పాతది ఒకటి ఉందని ఆయనకు ఈయన చెప్పనే లేదు. రోజుకు 10 మిల్లీగ్రాముల ఆమ్లోడిపిన్ డాక్టర్లే కొందరికి రాస్తారు, అదేమీ విషం కాదు. కానీ మోతాదు పెరిగేకొద్దీ కాళ్ల వాపు పెరగడం ఈ మందు గుణం. డాక్టరు గారితో ఫోన్లో మాట్లాడించాను. ఒక అట్ట మానిపించారు, నీటి బిళ్ళ కూడా తీసేయించారు. మూడు వారాల తర్వాత పెద్దాయన మళ్లీ వచ్చి, చెప్పులు సరిపోతున్నాయని చూపించి పోయాడు.

మందు చేసిన వాపుకు ఇంకో మందు వేసుకోవడం మన దగ్గర చాలా మామూలైపోయింది. కాళ్లు వాస్తే ముందు బిళ్ళల అట్ట వెనక చదవండి, తర్వాత డాక్టరుకు చూపించండి. నిజంగా గుండెదో కిడ్నీదో అయితే ఆయనే పట్టుకుంటారు.

అసలు రెండు మందులు ఎందుకు కలుపుతారు? బీపీ పెరగడానికి ఒంట్లో దారులు ఒకటి కంటే ఎక్కువ. మీరు రైతులు, మీకు కాలువ లెక్కలో చెప్తాను. కనిగిరి రిజర్వాయరు కాలువ నిండుగా పారి కట్ట మీద ఒత్తిడి పెరిగిందనుకోండి. కాలువను వెడల్పు చెయ్యొచ్చు. పైన ఎవరో షట్టర్లు బిగిస్తుంటే వాళ్ల చెయ్యి ఆపొచ్చు. నీళ్లు కొన్ని మురుగు కాలువలోకి వదలొచ్చు. ఆమ్లోడిపిన్ రక్తనాళం గోడలో కండను వదులు చేస్తుంది, అది మొదటి పని. టెల్మిసార్టాన్ నాళాలను బిగించమని ఒంట్లో పుట్టే సంకేతాన్ని అడ్డుకుంటుంది, అది రెండో పని. హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్థాలిడోన్ లాంటివి ఉప్పునూ నీళ్లనూ మూత్రంలో పంపేస్తాయి, అది మూడోది. ఒకే మందును రెట్టింపు చేసే కంటే వేరే దారిలో పనిచేసే మందు కొంచెం కలిపితే బీపీ బాగా తగ్గుతుంది, ఇబ్బందులు తక్కువ. టెల్మిసార్టాన్ తోడుంటే ఆమ్లోడిపిన్ తెచ్చే కాళ్ల వాపు కూడా కొంత తగ్గుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇలాంటి జంట బిళ్ళలను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. జంట మందు అంటే "నా బీపీ ముదిరిపోయింది" అని బెంగపడేవాళ్లు ఉంటారు. అట్లా ఏం లేదు. ఇప్పుడు చాలామందికి మొదటే జంట మందు రాస్తున్నారు.

ఇక పేర్ల సంగతి. నా మటుకు ఈ సభలో అసలు విషయం ఇదే. పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు పక్కన చిన్న తోక ఉంటుంది. ఏఎం అని ఉంటే సాధారణంగా ఆమ్లోడిపిన్ కలిసినట్టు. హెచ్ అంటే హైడ్రోక్లోరోథయాజైడ్. సీటీ అంటే క్లోర్థాలిడోన్. ఆమ్లోడిపిన్ పక్కన ఏటీ అంటే అటెనోలాల్ అనే ఇంకో బీపీ మందు. ఏఎంహెచ్ అని కూడా ఉంటుంది, అందులో మూడు మందులు. కానీ తోకను పూర్తిగా నమ్మొద్దు. కంపెనీని బట్టి మారుతుంది. అట్ట వెనక సన్న అక్షరాల్లో అసలు మందుల పేర్లు, మిల్లీగ్రాములు ఉంటాయి, అదే ఖాయం. కళ్లజోడు ఇంట్లో మర్చిపోతే మనవడి చేత ఫోన్‌లో ఫోటో తీయించి పెద్దది చేసి చూడండి.

తోక చూడక నేనే ఒకసారి తప్పు చేశాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. షాపులో కరెంటు పోయిన సాయంత్రం, ఒకామె అట్టలో మిగిలిన ముక్క తెచ్చింది. రెండు బిళ్ళలు ఉన్నాయి, పేరులో సగమే మిగిలింది, తోక ఉన్న వైపు కత్తిరించేసి ఉంది. సెల్‌ఫోన్ లైటులో చూసి, ఇదే కదమ్మా అన్నాను. అదే నాయనా అంది. ఏఎం ఇవ్వాల్సింది హెచ్ ఇచ్చాను. పది రోజుల తర్వాత కొడుకు తీసుకొచ్చాడు. నీరసం, మాట తడబాటు, రాత్రికి నాలుగైదుసార్లు లేవడం. అట్ట చూడగానే నా చేతులు చల్లబడ్డాయి. నెల్లూరు తీసుకెళ్లి రక్తపరీక్ష చేయిస్తే సోడియం పడిపోయింది. పెద్ద వయసు ఆడవాళ్లలో ఆ నీటి మందు ఒక్కోసారి అట్లా చేస్తుంది. తేరుకుంది, దేవుడి దయ. అప్పటినుంచి చీటీ లేకుండా ముక్క అట్ట చూసి బీపీ మందు ఇవ్వను. ఎంత తెలిసినవాళ్లయినా సరే. కోపగించుకుని పక్క షాపుకు పోయినవాళ్లూ ఉన్నారు. మీరు బిళ్ళలు వాడేటప్పుడు పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న వైపు చివరిదాకా ఉంచండి. రెండో వైపు నుంచి మొదలుపెట్టండి. వక్కల డబ్బాలో విడి బిళ్ళలు పోసి పెట్టే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ రాత్రికే మానేయండి.

ఇప్పుడు నొప్పి బిళ్ళలు. నాట్లు వేసి నడుములు పడిపోయి వచ్చి, డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ అడిగి వేసుకునేవాళ్లు మనలో ఎంతమందో చేతులెత్తొద్దు, నాకు తెలుసు. టెల్మిసార్టాన్ లాంటిది ఒకటి, నీటి మందు ఒకటి, దాని మీద ఈ నొప్పి బిళ్ళ. ఈ మూడూ ఒకేసారి కిడ్నీ మీద పడితే కిడ్నీ తట్టుకోవడం కష్టం. పైగా నొప్పి బిళ్ళ బీపీని కూడా పెంచుతుంది. "మందు వేసుకుంటున్నా బీపీ దిగట్లేదు సార్" అనే వాళ్ల సంచిలో సగంసార్లు నాకు ఈ బిళ్ళే దొరుకుతుంది. మోకాళ్ల నొప్పికి ఏం వేసుకోవాలో డాక్టరునే అడగండి, బీపీకి ఏం వాడుతున్నారో చెప్పి అడగండి. అప్పుడప్పుడు పారాసిటమాల్ అయితే చాలామందికి ఫర్వాలేదు. ఆర్ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించుకున్నా లెక్క ఇదే.

రోహిణీ కార్తెలో ఇంకో చిక్కు. ఎండకు చెమటలు కారిపోతాయి. వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఒంట్లో నీరు లేదు. అప్పుడు కూడా జంట బిళ్ళ తన పని తాను చేసుకుపోతుంది. బీపీ బాగా పడిపోయి కళ్లు తిరిగి కింద పడతారు, కిడ్నీకీ దెబ్బ. అట్లాంటి రోజు మందు వేసుకోవాలా, ఒకటి రెండు రోజులు ఆపాలా అని డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. ఈ ప్రశ్న ఒంట్లో బాగున్నప్పుడే అడిగి చీటీ వెనక రాయించుకుంటే ఇంకా మేలు. మగవాళ్లలో ప్రోస్టేటు కోసం టామ్సులోసిన్ వాడేవాళ్లున్నారు. అది కూడా బీపీని కొంచెం దించుతుంది. రాత్రి మూత్రానికి లేచేటప్పుడు మంచం మీద కాసేపు కూర్చుని, తర్వాత నిలబడండి.

ఉప్పు గురించి ఒక్క మాట. ఇసకపల్లి ఉప్పు కొఠార్లు మన జిల్లాలోనే ఉన్నాయి, ఎండుచేపలు, ఆవకాయ మన కంచంలోనే ఉన్నాయి. పెద్దవాళ్లకు రోజుకు అన్నీ కలిపి 5 గ్రాముల లోపు అంటారు, టీ చెంచా కంటే తక్కువ. అది మీకు తెలిసిందే, చేయడమే కష్టం. నేను చెప్పదలచింది వేరు. బీపీకి మంచిదని తక్కువ సోడియం ఉప్పు ప్యాకెట్లు వస్తున్నాయి. అందులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారు. టెల్మిసార్టాన్ ఒంట్లో పొటాషియం నిలబెట్టే మందు. కిడ్నీ కొంచెం బలహీనంగా ఉన్నవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు ఈ రెండూ కలిపితే పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. కాబట్టి ఆ ఉప్పు కొనేముందు అడగండి. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం పరీక్ష రాస్తే డబ్బులు దండగ అనుకోవద్దు. పొదలకూరు నుంచి ఒకాయన నిమ్మకాయ నీళ్లు తాగొచ్చా అని అడిగాడు. నిమ్మతోట పెట్టుకుని ఆ అనుమానం ఏంది సామీ! తాగొచ్చు. ఉప్పు మాత్రం వేసుకోవద్దు.

ఇద్దరు డాక్టర్ల దగ్గర చూపించుకునేవాళ్లకు ఇంకో జాగ్రత్త. గుండె డాక్టరు రామిప్రిల్ అనే బీపీ మందు రాసి ఉండొచ్చు, ఇంకొకరు టెల్మిసార్టాన్ ఉన్న జంట బిళ్ళ. రెండూ కలిస్తే ఇంకా మంచిదేమోనని ఒకప్పుడు అనుకున్నారు. 25 వేల మందికి పైగా రోగులతో చేసిన పెద్ద పరిశోధన ఫలితం 2008లో వచ్చింది. లాభం పెరగలేదు, కిడ్నీ ఇబ్బందులు పెరిగాయి. మీ సంచిలో ఈ రెండూ కనిపిస్తే రేపే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పెళ్లయి పిల్లల కోసం చూస్తున్న ఆడపిల్లలు ఇంట్లో ఎవరైనా బీపీ బిళ్ళ వాడుతుంటే ముందే డాక్టరుకు చెప్పించండి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. వేరే మందులు ఉన్నాయి, మారుస్తారు. ఏ వయసువాళ్లకైనా పెదవులు, నాలుక హఠాత్తుగా వాస్తే బిళ్ళ ఆపి నేరుగా ఆసుపత్రికి. మూతి వంకరపోయినా, గుండెల్లో పట్టేసినా 108.

మానేయడం గురించి. "బీపీ నార్మల్ వచ్చింది, ఇక ఆపేశాను" అంటారు. నార్మల్ వచ్చింది బిళ్ళ వల్ల. అటెనోలాల్ ఉన్న బిళ్ళను ఒక్కసారిగా ఆపితే, గుండె జబ్బు ఉన్నవాళ్లకు నొప్పి ఎగదన్నుతుంది. ఒకరోజు మర్చిపోతే అదేరోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాటిదాకా గుర్తు రాకపోతే పోయింది పోనివ్వండి, రెండు కలిపి మింగొద్దు. పొద్దున్నా రాత్రా అని చాలామంది అడుగుతారు. బ్రిటన్‌లో 21 వేల మందితో చూసి 2022లో చెప్పారు, పెద్ద తేడా లేదని. మీకు మర్చిపోని సమయమే మంచి సమయం. నీటి మందు కలిసిన బిళ్ళ అయితే మాత్రం పొద్దునే వేసుకోండి, నిద్ర పాడవదు.

ఇంక నా మాటలు చాలు. సంచులు తీద్దాం. ఈ పసుపు రంగు గుడ్డసంచి ఎవరిది, నీదేనా అత్తా? బల్ల మీద పొయ్యి. నాలుగు అట్టలు, ఒక చీటీ. చీటీ మీద తేదీ రెండేళ్ల కిందటిది. ఇదిగో, ఈ మూలన ఒక విడి బిళ్ళ ఉంది చూడండి, గుండ్రంగా, తెల్లగా, మీద ఏ అక్షరమూ లేదు. ఇది రోజూ వేసుకుంటున్నావా అత్తా? ఎన్నాళ్లనుంచి?