ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతోందా? ఈ లీకేజ్ టాంగ్ టెస్టర్‌ని నెల రోజులు వాడాను

నమస్కారం అండి. ఆర్‌సీసీబీ అంటే, కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్చు. అది తనంతట తాను ఆఫ్ అవడాన్నే పడటం అంటాం. ముందే చెప్పేస్తున్నాను, ఈ మీటరు నేను కొన్నది కాదు. కంపెనీ వాళ్ళు పంపారు, వాడి చూసి ఉన్నదున్నట్టు చెప్పమన్నారు. వీడియోకి డబ్బులేమీ తీసుకోలేదు, మీటరు మాత్రం నా దగ్గరే ఉంటుంది. రేంజీలు, రేటింగులు మీరు ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు, అవి మళ్ళీ చదవను. నెల రోజులుగా బెజవాడలో నా పనులన్నిటికీ దీన్ని తీసుకెళ్ళాను. ఆ సంగతులే చెప్తాను.

టాంగ్ టెస్టర్ అంటే, వైరు చుట్టూ క్లాంపు పెట్టి కరెంటు కొలిచే మీటరు. దీన్నీ ఆ పేరుతోనే అంటాం, కానీ మన ఎలక్ట్రీషియన్ల సంచిలో ఎప్పుడూ ఉండేది వేరు. ఏసీ ఎన్ని ఆంపియర్లు లాగుతోంది, మోటారు లోడు ఎంత, ఇలాంటివి చూడటానికి అది చాలు. పది, ఇరవై మిల్లీ ఆంపియర్లు దాని లెక్కలోకి రావు. ఇది ఆ మిల్లీ ఆంపియర్ల కోసమే చేసిన మీటరు.

ఇదిగో, దగ్గరగా చూడండి. డీబీలో, అంటే ఇంటి మెయిన్ స్విచ్చులుండే పెట్టెలో, ఆర్‌సీసీబీ నుంచి బయటికొచ్చే ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి క్లాంపులో పెట్టాలి. ఒక్కటే పెడితే లోడు చూపిస్తుంది. రెండూ పెడితే వెళ్ళే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలిన అంకె ఎంతో, అంత కరెంటు గోడలోకో ఎర్తులోకో పోతోందన్నమాట. ఎర్తు వైరుని మాత్రం వీటితో కలపకండి. లీకైన కరెంటు ఆ వైరులోంచే వెనక్కి పోతుంటే, అది కూడా కొట్టేసుకుని మీటరు సున్నా చూపిస్తుంది, మీరు అంతా బాగుందనుకుంటారు. క్లాంపు నోరు పూర్తిగా మూసుకోవాలి. పక్కన పెద్ద స్టెబిలైజర్ ఉంటే కొంచెం ఎడంగా పట్టుకోండి, లేకపోతే అంకెలు ఊగుతాయి.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది కదా. నీళ్ళు తీశాక నెలల తరబడి నాకు అవే పనులు. స్విచ్‌బోర్డు విప్పితే లోపలంతా బురద, పైపుల్లో నిలిచిపోయిన నీళ్ళు. ఏ ఇంటికెళ్ళినా ఒకటే మాట, "ఆర్‌సీసీబీ నిలబడట్లేదండీ" అని. అప్పుడు నా దగ్గర మెగ్గర్ ఉంది, అంటే వైర్ల ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు. మెగ్గర్ మంచి పనిముట్టే, ఇప్పటికీ వాడతాను. కానీ అది 500 వోల్టులు పంపిస్తుంది కాబట్టి మెయిన్ ఆపాలి, ఫ్రిజ్, టీవీ, ఇన్వర్టర్, ఎల్‌ఈడీ లైట్లు అన్నీ విడదీయాలి. ఒక రెండంతస్తుల ఇంట్లో పాయింటు పాయింటూ విప్పి చూసేసరికి నాకు రెండు రోజులు పట్టింది. నాకంటే ముందు ఎవరో వచ్చి, ఆర్‌సీసీబీ తీసేసి వైర్లు డైరెక్ట్ చేసి వెళ్ళిపోయారు. గోడలు ఇంకా తడిగా ఉన్నాయి, ఇంట్లో చిన్నపిల్లలు తిరుగుతున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండి.

పోయిన వారం పటమటలో ఒక అపార్ట్‌మెంట్. రిటైరైన మాస్టారి ఇల్లు. ఆర్‌సీసీబీ ఒక రోజు పడుతుంది, రెండు రోజులు నిలబడుతుంది. ముందు వచ్చినతను అది పాడైందని కొత్తది వేశాడు, కొత్తదీ పడింది. క్లాంపు పెట్టాను, 19.4 మిల్లీ ఆంపియర్లు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 15 లోపు పడకూడదు, 30కి వచ్చేసరికి తప్పకుండా పడాలి. ఆ మధ్యలో ఎక్కడైనా పడొచ్చు. అందుకే 19 దగ్గర దానికి నిలకడ లేదు. ఆర్‌సీసీబీ తప్పేం లేదు.

ఎంసీబీలు, అంటే డీబీలో ఒక్కో లైనుకి ఉండే స్విచ్చులు, ఒక్కొక్కటే దించుతూ వచ్చాను. గీజర్ దించితే 19.1. ఏసీ దించితే 18. కిచెన్‌ది దించగానే 2.6! మళ్ళీ ఎత్తి, మిక్సీ, ఫ్రిజ్, చిమ్నీ అన్నిటి ప్లగ్గులూ పీకేశాను. అంకె తగ్గలేదు. అంటే సామానులో కాదు, గోడలో ఉంది. ఎంసీబీ దించేసి, పైపు వెళ్ళిన దారి చూసుకుంటూ అల్మారా బిగించిన స్క్రూలు విప్పాను. మూడో స్క్రూ మొనకి ఎర్రటి ప్లాస్టిక్ పేలిక అంటుకుని వచ్చింది. అల్మారా బిగించినప్పుడు పైపుని చీల్చుకుని ఫేజు వైరులోకి దిగిందది. ఆ వెనకే సింకు, గోడంతా చెమ్మ. మొత్తం గంట కూడా పట్టలేదు.

అప్పుడు మాస్టారు అడిగారు, "ఏమయ్యా, ఒక స్క్రూ తీసి బారెడు వైరు మార్చావు, దానికి ఇంతా?" అని. ఇరవై ఏళ్ళుగా వింటున్న మాటే. ఫ్యాను బిగిస్తే ఇస్తారు, వైరు లాగితే ఇస్తారు. వెతికినందుకు ఇవ్వడానికి మనసొప్పదు, అది కంటికి కనపడదు కాబట్టి. ఆయన్ని డీబీ దగ్గరికి పిలిచాను. మొదట్లో ఫోన్లో తీసుకున్న ఫోటో చూపించాను, 19.4. అన్నీ ఆన్ చేసి మళ్ళీ క్లాంపు పెట్టాను, 4.1. కళ్ళజోడు తెచ్చుకుని రెండు అంకెలూ చూశారు. లోపలికెళ్ళి డబ్బులు తెచ్చి చేతిలో పెట్టారు, బేరం లేదు. ఈ మీటరు నా మనసులో కూర్చుంది అక్కడే.

ఇక నాకు చిరాకు తెప్పించింది, స్క్రీన్ లైటు. నొక్కిన కొన్ని సెకన్లకే ఆరిపోతుంది. మన డీబీలు ఎక్కడుంటాయండి? తలుపు వెనక, మెట్ల కింద, కిటికీ లేని మీటర్ల గదిలో. ఒక చేత్తో వైర్లు దగ్గరికి లాగి పట్టుకోవాలి, ఇంకో చేత్తో క్లాంపు నొక్కాలి. లైటు నొక్కడానికి మూడో చెయ్యి ఎక్కడ్నుంచి వస్తుంది? అంకెని అలాగే ఆపి ఉంచే హోల్డ్ బటన్ నొక్కి, బయటికి తీసి, వెలుతురులో చదువుకోవాల్సి వస్తోంది. ఎంసీబీ దించుతున్నప్పుడు అంకె ఎలా మారుతోందో చూడాలి కదా, హోల్డ్‌లో అది కనపడదు. కంపెనీ వాళ్ళు ఒక్కసారి గవర్నర్‌పేటలో ఏదైనా పాత బిల్డింగు మెట్ల కింద దీన్ని పట్టుకుని నిలబడాలి. ఈ ఒక్కటీ మార్చండి, దయచేసి. క్లాంపు కూడా లావే, కిక్కిరిసిన డీబీల్లో దూర్చడం కష్టం, కానీ దానికి అలవాటు పడ్డాను.

రేటు మామూలు టాంగ్ టెస్టర్ కంటే బాగా ఎక్కువ. పూర్తిగా కొత్త వైరింగులే చేసే తమ్ముళ్ళు తొందరపడొద్దు, ముందు మంచి కటింగ్ ప్లేయర్, మంచి మల్టీమీటర్ కొనుక్కోండి. రిపేర్ల మీద బతికే వాళ్ళు మాత్రం తీసుకోండి. నా డబ్బు పెట్టి కొంటానా అంటే కొంటాను, ఆ లైటు అలాగే ఉన్నా సరే.

ఇంకో మాట, ఇది ఇళ్ళవాళ్ళకి. మీ డీబీలో ఎవరైనా ఆర్‌సీసీబీ తీసేసి డైరెక్ట్ చేసి ఉంటే, రేపటిదాకా ఆగకండి. ఈరోజే ఎవరినైనా పిలిచి లీకేజీ వెతికించి, మళ్ళీ పెట్టించండి. రేపు పొద్దున్నే కృష్ణలంకలో ఒక పాత ఇంటికి వెళ్తున్నాను, అక్కడా ఇదే కంప్లయింట్. ఉంటానండి.