అగ్గి గట్టుకే కదా పెట్టింది

వేదిక మీది పెద్దలకు, కుర్చీలు చాలక గోడకు ఆనుకొని నిలబడిన మీకందరికీ నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ వాటికే సరి. 1944లో బొంబాయి ఓడరేవులో ఏప్రిల్ 14న మంటలార్పబోయి ప్రాణాలు పోగొట్టుకున్న ఫైర్ సిబ్బందిని తలచుకునే ఈ అగ్నిమాపక వారోత్సవాలు జరుపుకుంటున్నాం. వాళ్లకు దండం పెట్టి నా గోడు మొదలుపెడతా.

రూల్స్ చెప్పమన్నారు. వీధుల్లో, ఖాళీ స్థలాల్లో చెత్త కాల్చకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. మామూలుగా తగలబెడితే 5,000, పెద్దఎత్తున తగలబెడితే 25,000 రూపాయలు కట్టించమని ఆ ఏడాది డిసెంబరులో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రైబ్యునల్ చెప్పింది. మా వీధి చివర కుప్పకు తెల్లవారుజామున అగ్గి పెట్టేదెవరో అందరికీ తెలుసు. చీపురు పట్టిన మనిషిని నేననను. చెత్త బండి రాకపోతే ఆయనేం చేస్తాడు? సరే, అది మొదలుపెడితే తెల్లారుతుంది.

మాది లంకమల కొండల కింద పల్లె. ఒక ఎండాకాలం పక్క చేను ఆయన గట్టు మీది బోద కాలుద్దామని అగ్గిపుల్ల గీశాడు. మిట్టమధ్యాహ్నం, పైగా గాలి. చుట్టూ రెండు సాళ్లు దున్నినా సరిపోయేది. గీసి, చింతచెట్టు కింద బీడీ ముట్టించుకున్నాడు. మా శెనక్కాయ కట్టె వామి అంటుకుంది. బిందెలతో నీళ్లు పోస్తే పైపొర తడుస్తుందంతే, లోపల కుములుతూనే ఉంటుంది. మా నాయన పంగలకర్రతో పెళ్లగించిన చోటల్లా భగ్గుమంది. ఏడాది మేత! ఆ వారమే కాడెద్దులను సంతకు తోలాడు. పక్క చేను ఆయన ఏమన్నాడో తెలుసా? “అగ్గి నేను గట్టుకే కదన్నా పెట్టింది!”

ఆ లంకమలలోనే, ఇక లేదనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనబడింది. నేల మీద పరుగులు పెట్టే పిట్ట. ఇప్పుడా అడవి అభయారణ్యం. అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా మంట రాజేసినా, ఆర్పకుండా వదిలినా 1972 వన్యప్రాణి చట్టం 30వ సెక్షన్ కింద నేరం. కోనలకు పోయి పొయ్యి పెట్టే అమ్మలారా, వింటున్నారా?

గండికోటలో టెంట్లు వేసే పిల్లలెవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి, కొట్టను. క్యాంప్‌ఫైర్‌కు అనుమతి ఉందో లేదో ముందు అడగండి. ఉంటే వేసుకోండి. లేచేటప్పుడు మాత్రం కాలితో మట్టి తోసి రావద్దు. నీళ్లు పోసి, కెలికి, మళ్లీ పోయండి. బూడిద మీద అరచేయి ఆనించకుండా దగ్గర పెట్టి చూడండి. సెగ తగిలితే ఇంకో బిందె.

గంట కొడుతున్నారు. ఒక్క మాట, ఆఫీసర్ గారూ! ఆ 5,000 రూపాయల రసీదు మన ఊళ్లో ఇప్పటిదాకా ఎవరికైనా రాశారా? మైకు మీకే ఇస్తున్నా.