రూపాయి ఖర్చు లేని వాబుల్ బేస్: వైటల్ సింథసైజర్ రివ్యూ

నమస్కారం. మాటల కంటే ముందు ఇది వినండి. హెడ్‌ఫోన్ ఉంటే పెట్టుకోండి, ఫోను స్పీకర్లో దీని అడుగు భాగం అసలు వినిపించదు.

(బేస్ ధ్వని)

ఈ గుర్రుమనే శబ్దం మొత్తం వైటల్‌లో, అంటే కంప్యూటర్‌లో శబ్దాలు తయారుచేసే ఒక సాఫ్ట్‌వేర్ సింథసైజర్‌లో, చేసినదే. మాట్ టైటెల్ దీన్ని 2020 నవంబరులో విడుదల చేశారు. ఉచిత రకం ఉంది, నేను వాడుతున్నది అదే. అంతకు ముందు డబ్‌స్టెప్ అనే ఎలక్ట్రానిక్ సంగీతంలో బేస్ అంటే చాలామంది 2014లో వచ్చిన సీరం అనే సింథసైజర్ పేరు చెప్పేవారు. అప్పట్లో దాని ధర 189 డాలర్లు. ఇంకా నేర్చుకుంటున్న కుర్రవాడు అంత పెట్టాలా అన్నదే ఈ వీడియోలో నా ప్రశ్న.

ప్రీసెట్ల, అంటే ముందే తయారుచేసి ఇచ్చిన శబ్దాల, జోలికి పోకుండా ఖాళీ ప్యాచ్‌తో, అంటే ఏ అమరికా చేయని శబ్దంతో, మొదలుపెడుతున్నాను. వేగం నిమిషానికి 140 బీట్లు. 2000ల తొలి ఏళ్లలో దక్షిణ లండన్‌లో, ముఖ్యంగా క్రోయ్‌డన్ చుట్టుపక్కల డబ్‌స్టెప్ రూపుదిద్దుకున్నప్పటి నుంచీ దాదాపు ఇదే వేగం. అయినా నింపాదిగా నడుస్తున్నట్టు ఉంటుంది, ఎందుకంటే నాలుగు బీట్ల బార్‌లో స్నేర్ డ్రమ్ దెబ్బ మూడో బీట్‌పైనే పడుతుంది. మిగిలిన ఖాళీ అంతా బేస్ సొంతం.

శబ్దాన్ని పుట్టించే భాగం ఆసిలేటర్. మొదటి ఆసిలేటర్‌లో రంపపు పళ్ల ఆకారంలో ఉండే సా తరంగం పెట్టాను. వినండి, తేనెటీగ గోల తప్ప ఏమీ లేదు. ఇప్పుడు పై ధ్వనులను కోసేసే లో పాస్ ఫిల్టర్ వేసి, నెమ్మదిగా ఊగుతూ ఇతర అమరికలను కదిపే ఎల్‌ఎఫ్‌ఓను మౌస్‌తో లాగి, ఆ కోత ఎక్కడ మొదలవ్వాలో చెప్పే కటాఫ్ మీద వదులుతున్నాను.

(ఊగే శబ్దం, అంటే వాబుల్, మొదలవుతుంది)

మోర్సింగ్ వాయించేవారిని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? లోహపు నాలుక శ్రుతి మారదు. వాద్యకారుడి నోటి ఆకారం మారుతుంటే ఆ ఒక్క శ్రుతే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఇక్కడ ఫిల్టర్ ఆ నోరు, దాన్ని తెరిచి మూసేది ఎల్‌ఎఫ్‌ఓ. ఫిల్టర్‌ను అచ్చుల ధ్వనినిచ్చే ఫార్మెంట్ రకానికి మార్చి చూడండి, అచ్చు ‘యా’, ‘ఓయ్’ అని అరుస్తుంది!

ఎల్‌ఎఫ్‌ఓను ఎనిమిదో వంతు నోటుకు, అంటే అర బీట్‌కు, కట్టేస్తే ఒక్కో ఊపు 214 మిల్లీసెకన్లు. ట్రిప్లెట్‌కు, అంటే ఒక బీట్‌ను మూడుగా చీల్చే లయకు, మారిస్తే 143. మృదంగం నేర్చుకున్నవారు దీన్ని వెంటనే తిశ్రమని పట్టేస్తారు. ఒకే బార్‌లో ఈ రెండింటి మధ్య దూకడంలోనే సగం మజా ఉంది.

వైటల్‌లో నాకు బాగా నచ్చింది, జరిగేదంతా కంటికి కనిపించడం. తరంగం కదులుతుంది, కటాఫ్ ఊగుతుంది, ఎల్‌ఎఫ్‌ఓ ఆకారాన్ని మనమే గీసుకోవచ్చు. చెవికి అందనిది కన్ను నేర్పుతుంది. నేను ఎల్‌ఎఫ్‌ఓ అంటే ఏమిటో అర్థం చేసుకున్నది ఏ పాఠం చదివో కాదు, ఆ గీత ఊగడం చూసి.

ఒక జాగ్రత్త. శబ్దాన్ని గరుకుగా చేసే డిస్టార్షన్ పెంచగానే అడుగు స్వరం చెదిరిపోతుంది. అందుకే మూడో ఆసిలేటర్‌లో సాదా సైన్ తరంగం పెట్టి, దాన్ని డైరెక్ట్ అవుట్‌కు పంపుతాను. ఎఫెక్టులేవీ దాన్ని తాకవు. ఎఫ్ స్వరంలో, దాదాపు 44 హెర్ట్జ్ దగ్గర, అది నిబ్బరంగా కూర్చుంటుంది. పైన సా తరంగం ఎంత అల్లరి చేసినా ఫరవాలేదు.

ఇక లోపాలు. ఒకే స్వరాన్ని కలిసి పలికే యూనిజన్ గొంతులు పెంచి, శబ్దం శుభ్రంగా రావడానికి ఓవర్‌శాంప్లింగ్ కూడా వేస్తే కంప్యూటర్ మీద భారం గట్టిగానే పడుతుంది. నా పాత ల్యాప్‌టాప్ ఫ్యాను శబ్దం ఈ వీడియోలో మీకు వినిపిస్తూ ఉంటే అది బేస్ కాదు, మన్నించండి. ఉచిత రకంలో ప్రీసెట్లు తక్కువే. తెరిచిన వెంటనే భీకరమైన డ్రాప్, అంటే పాటలో బేస్ విరుచుకుపడే ఘట్టం, కావాలనుకునేవారు నిరాశపడతారు.

నా తీర్పు: ముందు దీన్నే దించుకోండి. ఇప్పటికే సీరం ఉండి, దానిలో ప్రీసెట్లు పోగేసుకున్నవారు మారాల్సిన పని లేదు.

చివరగా, మొదట విన్న ప్యాచ్‌నే ఎల్‌ఎఫ్‌ఓ తీసేసి వినిపిస్తాను. డిస్టార్షన్, అడుగున ఉన్న సైన్ తరంగం, అన్నీ అలాగే ఉన్నాయి.

(కదలిక లేని ఒకే స్వరం)

మళ్లీ తేనెటీగ.