ఏడుపు అనే మాట

అందరికీ నమస్కారం. ఒడిశాలోని మన పర్లాకిమిడి సభలో ఏడుపు గురించి మాట్లాడతానంటే మా పెద్దమ్మ, "మంచి సభలో ఆ మాటేటిరా?" అంది. ఆ మాటంటే మనకున్న చిన్నచూపు గురించే మాట్లాడదామని వచ్చాను.

మన ఊరి పిల్లలకు ఇంట్లో ఏడుపు, వీధిలో కాందిబా. ఒడియా కాందిబా సంస్కృత క్రందనం నుంచి వచ్చింది, మన పుస్తకాల్లోని 'ఆక్రందన'కు చుట్టం. హిందీ రోనా, రోదనం ఒక ఇంటివే. ఏడుపు మాత్రం ఈ కుటుంబాలది కాదు, మన ద్రావిడ సొత్తు.

తమిళులు కోడిని 'కోళి' అంటారు. ఆ 'ళ' మన 'ళ' కాదు, నాలుక వెనక్కి మడిచి పలికే వేరే శబ్దం. పాత తెలుగు శాసనాల్లో దానికి ప్రత్యేకంగా ఒక అక్షరమే ఉండేది. తర్వాత చాలా మాటల్లో అది మన నోట 'డ' అయింది. వాళ్ల 'ఏళు' మనకు ఏడు. వాళ్లు, కన్నడిగులు ఏడవడాన్ని 'అళు' అంటే మనం ఏడ్చు అన్నాం. మొదటి అచ్చు కూడా మారింది గానీ ఆ 'డ' మాత్రం చుట్టరికాన్ని పట్టిస్తుంది. పెరట్లో కోడి, వేళ్ల మీద లెక్కపెట్టే ఏడు, ఉయ్యాల్లో బిడ్డ ఏడుపు, మూడూ ఒకే దారిన నడిచి వచ్చాయి! ఇక పిలుచు నుంచి పిలుపు, తలచు నుంచి తలపు వచ్చినట్టే ఏడ్చు నుంచి ఏడుపు.

ఇంత పాత మాటను మనం ఏం చేశాం? అసూయకు పెట్టాం: "నా మీద పడి ఏడుస్తున్నారు." తిట్టుకు పెట్టాం: "ఏడిశావులే." వంట బాగోకపోతే "ఏడ్చినట్టుంది." ఒకర్ని ఆటపట్టిస్తే అది ఏడిపించడం. శోకం, విలాపం, రోదనం ఎప్పుడైనా తిట్లయ్యాయా? అవి పుస్తకాల్లో గౌరవంగా కూర్చున్నాయి. రోజూ నోట్లో నలిగే మాటకే ఈ గతి పట్టిందని నా అనుమానం. కానీ చావింటికి వెళ్లినప్పుడు "రోదించకండి" అని ఎవరైనా అంటారా? "ఏడవకమ్మా" అనే అంటాం.

వాడుక మాటకు పుస్తకంలో చోటు కావాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఈ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. మన బళ్లలో తెలుగు చెప్పే మాస్టార్లను నేను చేతులు జోడించి అడుగుతున్నాను. పిల్లాడు కథలో "తాత పోతే నాకు ఏడుపొచ్చింది" అని రాస్తే, దాన్ని కొట్టేసి "మిక్కిలి దుఃఖించితిని" అని దిద్దకండి. ఆ వాక్యంలో వాడి తాత ఉన్నాడు.

మా నాయనమ్మ పోయిన రోజు, కటక్ వైపు నుంచి అప్పటికి కొత్తగా వచ్చిన పక్కింటి మావుసి, అంటే ఒడియాలో పిన్ని, మా వాకిట్లో కూర్చుని ఒడియాలో రాగం తీసింది. ఆ పక్కనే మా అమ్మ, "నా అత్తో" అని. ఎవరేమంటున్నారో రెండోవారికి సగం కూడా తెలీదు. చీకటి పడ్డాక మావుసి లేచి, మా అమ్మ చెయ్యి పట్టుకుని "ఏడవకమ్మా" అంది. అప్పటికి ఆమెకు వచ్చిన తెలుగు మాటలు నాలుగో అయిదో. అందులో అదొకటి.