ఆ 20 ఎవరు లెక్కపెట్టారు?

(నర్సుల దినోత్సవం నాడు ఒక విశ్రాంత హెడ్ నర్సు నర్సింగ్ విద్యార్థులతో మాట్లాడిన మాటలు)

వేదిక మీది పెద్దలకూ, వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న అమ్మాయిలకూ నమస్కారం. ఫ్లోరెన్స్ నైటింగేల్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు ప్రిన్సిపల్ గారు. 1820 మే 12న పుట్టారు, రాత్రిళ్లు దీపం పట్టుకుని వార్డులు తిరిగారు. ఇదంతా ఇందాక మీ స్టూడెంటే నాకంటే బాగా చెప్పింది. నేను 20 గురించి మాట్లాడతాను.

ఏ 20 అంటారా? ఏ వార్డులోనైనా టీపీఆర్ చార్టు, అదే జ్వరం, నాడి, శ్వాస రాసే కాగితం, తీసి చూడండి. పొద్దున్న శ్వాస నిమిషానికి 20, మధ్యాహ్నం 20, రాత్రి 20. న్యుమోనియా ముసలాయనకీ 20, హెర్నియాకి వచ్చి పేపరు చదువుకుంటున్న కుర్రాడికీ 20. వార్డంతా కలిసి భజనలో తాళం వేసినట్టు ఊపిరి తీస్తోందన్నమాట! నవ్వకండి. ఆ 20 నేనూ వేశాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఆసుపత్రి పేరు వద్దులెండి. సర్జికల్ వార్డు, నైట్ డ్యూటీ, 40 మంది రోగులకి ఇద్దరం. ఒకాయనకి పేగు ఆపరేషన్ అయి నాలుగో రోజు. జ్వరం లేదు, బీపీ బాగానే ఉంది. శ్వాస రాసే ఆర్ గడిలో 20 వేసి పక్క మంచానికి వెళ్లాను. ఆయన భార్య కొంగు బిగించుకుంటూ వెనకాలే వచ్చింది. "మా ఆయన డొక్కలెగరేస్తున్నాడమ్మా, ఓసారి చూడు" అంది. "నొప్పికి అలాగే ఉంటుంది, నువ్వెళ్లి పడుకో" అన్నాను. తెల్లారుజామున నాలుగింటికి బీపీ పడిపోయింది. లోపల కుట్టు లీకై ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకింది. మళ్లీ థియేటరుకి తీసుకెళ్లారు, దక్కలేదు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. చార్టులో 20 ఉంది కదా, నీలం ఇంకుతో, గుండ్రంగా.

చేతికి వాచీ ఉన్నది నాకు. చూసింది ఆవిడ.

ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదిరి రక్తంలో ఆమ్లం పెరిగితే, దాన్ని తగ్గించుకోవడానికి శరీరం వెంటనే ఊపిరి వేగం పెంచి కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి తోసేస్తుంది. బీపీ ఆఖరుదాకా నిలదొక్కుకుని అప్పుడు కూలుతుంది. "ఇప్పుడు ఆక్సీమీటర్లున్నాయి కదా మేడమ్" అంటారు మీరు. ఉన్నాయి. 98 చూపిస్తుంది. ఆ 98 కోసం మనిషి నిమిషానికి 34 సార్లు రొప్పుతున్నాడని అది చెబుతుందా?

మీలో సగం మంది లండన్ వెళ్దామనే చదువుతున్నారు, నాకు తెలుసు. అక్కడ 2012 నుంచి న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) అని, రోగి పరిస్థితి దిగజారుతోందని ముందే హెచ్చరించే ఒక స్కోరు ఉంది. శ్వాస 25 అయినా, 8కి పడిపోయినా ఆ ఒక్క గడికే 3 పాయింట్లు. అంటే ఇంకేదీ చూడకుండా డాక్టరుని పిలవాల్సిందే. మన లేబర్ రూముల్లో మాత్రం తక్కువా? గుర్రపువాతం, అంటే బీపీ పెరిగి ఫిట్స్, వచ్చిన బాలింతకి మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తున్నప్పుడు శ్వాస 16 కంటే తగ్గితే తర్వాతి డోసు ఆపాలి. అక్కడ కూడా 20 వేసేస్తే ఇంకేం ఆపుతారు?

సరే, ఉపన్యాసం చాలు. వాచీలు తీయండి. పక్కమ్మాయి ఊపిరి లెక్కపెట్టండి. చూశారా, చెప్పగానే అందరూ బిగబట్టారు! అందుకే రోగికి చెప్పకూడదు. నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, చూపు మాత్రం ఛాతీ మీదికి తిప్పాలి. దుప్పటి కప్పుకుంటే కొంచెం తీయించాలి. నిమిషం నిండా చూడాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే, ఒక్కటి తప్పితే నాలుగు తప్పినట్టు. అర నిమిషం చూసి రెట్టింపు చేసినా ఎప్పుడూ సరిసంఖ్యే వస్తుంది. మన చార్టుల్లో 17, 19, 23 ఎందుకు కనబడవో ఇప్పుడు అర్థమైందా?

ప్రిన్సిపల్ గారు గడియారం చూస్తున్నారు. ఒక్క నిమిషం మేడమ్, నిజంగా ఒక్క నిమిషమే. కానివ్వండమ్మా, మొదలుపెట్టండి.

...

మూడో వరసలో నీలం చున్నీ అమ్మాయీ, నీకెంత వచ్చింది? 17? గట్టిగా చెప్పు తల్లీ, వెనకవాళ్లకి వినబడాలి.