కంప్యూటర్ల ఏమేం సాఫ్ట్‌వేర్ ఉందో స్క్రిప్టుతోని పట్టుకునుడు ఎట్ల?

నమస్తే అందరికి. ఈయాల్ల ఒక రిజిస్టర్‌తోని మొదలుపెడ్త. ఇగో, కెమెరా ముందట పెడుతున్న, చూడండి. హనుమకొండల ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ రిజిస్టర్ ఇది. ల్యాబ్ చూసుకునే అన్నది. వీడియోల చూపెట్టుమని ఆయనే చెప్పిండు. పేజీకొక సిస్టమ్ లెక్కన నలభై పేజీలు. ఒక్కొక్క సిస్టమ్ ముందట కూసోని, కంట్రోల్ ప్యానెల్ తెరిసి, కనబడ్డ ప్రతి పేరునూ నీలం పెన్నుతోని రాసిండు. మూడు రోజులు పట్టింది.

ఎందుకు రాయాల్సొచ్చిందంటే, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలుగ ఇచ్చే సపోర్టు 2025 అక్టోబర్ 14తోని అయిపోయింది. కొత్త సిస్టమ్‌లు తెచ్చేముందు పాతవాటిల ఏముందో లెక్క కావాలె గదా. సిలబస్‌కు వేసినవి, కామర్స్ పిల్లల కోసం వేసిన టాలీ, తెలుగు టైపింగ్ కోసం వేసిన అను, ఎప్పుడో ఎవరో వేసిపోయినవి, అన్నీ కలిసిపోయి ఉన్నయి. "తమ్మీ, రాసుడైతే రాసిన గని, ఏ వెర్షనో రాయలే. మల్ల మొదటికెల్లి రాయాల్నా?" అని అడిగిండు. ఆ మాటకే నేను స్క్రిప్టు, అంటే కంప్యూటరే వరుసగ చేసుకుంటపోయే కమాండ్ల ఫైల్, రాసిన.

ముందుగాల మీరు చేయొద్దని ఒకటి చెప్త. ఇంటర్నెట్‌ల వెతికితే తొందరగ దొరికే లైన్ ఒకటుంది. పవర్‌షెల్, అంటే విండోస్‌ల కమాండ్లు కొట్టే కిటికీ, తెరిసి, గెట్-డబ్ల్యూఎంఐఆబ్జెక్ట్ విన్32_ప్రొడక్ట్ అని కొట్టుమంటరు. కొడితే పేర్లు వస్తయి. చూసెటోళ్లకు పనైపోయినట్టే ఉంటది. నేను గూడ చాన రోజులు అదే వాడిన.

మన ఎనుమాముల మార్కెట్‌కు పోయి, "యార్డుల ఎన్ని మిర్చి బస్తాలున్నయో లెక్కపెట్టి చెప్పు" అని ఒకరిని పంపినమనుకోండి. ఆ మనిషి ప్రతి బస్తా కుట్టు విప్పి, లోపల చెయ్యిపెట్టి చూసి, తక్కువ అనిపిస్తే సర్ది, మల్ల కుట్టి, అప్పుడు "ఒకటి" అన్నడనుకోండి. ఆ లైన్ చేసే పని అచ్చం ఇదే. ఎంఎస్ఐ అనే విండోస్ సొంత పద్ధతిల ఇన్‌స్టాల్ అయిన ప్రతి సాఫ్ట్‌వేర్‌ను విండోస్ ఇన్‌స్టాలర్ ఒక్కొక్కటిగ తనిఖీ చేస్తది. తేడా కనబడితే రిపేర్ మొదలుపెడ్తది. మనం అడిగింది పేర్లు మాత్రమే, జరిగేది మాత్రం మరమ్మతు.

నమ్మకం కుదరకపోతే స్క్రీన్ మీద చూడండి. ఇది ఈవెంట్ వ్యూయర్, సిస్టమ్‌ల ఏమేం జరిగిందో చూపెట్టేది, అండ్ల అప్లికేషన్ లాగ్. నేను ఆ లైన్ కొట్టిన టైమ్‌కే ఎంఎస్ఐ ఇన్‌స్టాలర్ పేరు మీద 1035 నంబర్ ఈవెంట్లు వరుసగ పడ్డయి. ప్రతిదాంట్ల రీకాన్ఫిగర్ చేసినట్టు రాసి ఉన్నది. ఎవరన్న ఒక సర్వీస్‌ను, అంటే వెనకనుండి నడిచే ప్రోగ్రామును, కావాల్నని ఆపి పెట్టుకుంటే, ఆ రిపేర్‌ల అది మల్ల మొదలుకావచ్చు. పరీక్షలు నడిచే ల్యాబ్‌ల ఇట్లాంటిది చేయొచ్చునా? పైగ ఇంత చేసినా, ఎంఎస్ఐతోని రానివి ఆ లిస్టులనే ఉండయి.

మరి ఎక్కడ చూడాలె? విండోస్‌కు సొంత రిజిస్టర్ ఉన్నది, అదే రిజిస్ట్రీ. కంట్రోల్ ప్యానెల్ గూడ మనకు పేర్లు అక్కడికెల్లి చదివే చూపెడ్తది. అండ్ల అన్‌ఇన్‌స్టాల్ అనే కీ, ఫోల్డర్ లాంటిది, ఉంటది. ఒక్కచోట కాదు, మూడు చోట్ల. చానమంది తప్పు చేసేది ఇక్కడ్నే.

మొదటిది హెచ్‌కేఎల్ఎమ్, అంటే రిజిస్ట్రీల మొత్తం సిస్టమ్‌కు చెందిన భాగం. అండ్ల సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్, అన్‌ఇన్‌స్టాల్. 64 బిట్ విండోస్‌ల 64 బిట్ సాఫ్ట్‌వేర్లు ఇక్కడ రాయించుకుంటయి. రెండోది అదే దారిల సాఫ్ట్‌వేర్ తర్వాత వావ్6432నోడ్ అని వస్తది. పాత రకం, 32 బిట్ సాఫ్ట్‌వేర్లు ఈడ రాయించుకుంటయి. మన డీటీపీ సెంటర్లల, ల్యాబుల్ల ఏండ్ల కింద వేసిన పాత ప్రోగ్రాములు ఎక్కువ శాతం 32 బిట్‌వే. మొదటిదొక్కటే చూసి లిస్టు ఇస్తే అవన్నీ ఎగిరిపోతయి. స్టార్ట్ మెనూల ఎక్స్86 అని రాసున్న పవర్‌షెల్‌ను గూడ తెరవకండి. అది 32 బిట్‌ది. మొదటి దారి అడిగినా విండోస్ దాన్ని రెండోదానికే మళ్లిస్తది.

మూడోది హెచ్‌కేసీయూ కింద, అంటే ఇప్పుడు లాగిన్ అయిన యూజర్ భాగంల, అదే దారి. ఒక్క యూజర్ కోసమే వేసుకున్నవి ఈడ ఉంటయి. కోడ్ రాసుకునే వీఎస్ కోడ్‌ను యూజర్ సెటప్‌తోని వేస్తే ఈడనే రాసుకుంటది, అడ్మిన్ పాస్‌వర్డ్ గూడ అడగదు. పిల్లలు వేసుకునేవి ఎక్కువ ఇట్లాంటివే. మీరు వేరే అడ్మిన్ అకౌంట్‌తోని స్క్రిప్టు నడిపితే కనబడేది ఆ అడ్మిన్ హెచ్‌కేసీయూ, పిల్లగానిది కాదు. అందుకే ల్యాబ్‌ల ఆ యూజర్ లాగిన్‌లనే నడిపినం.

ఇగ స్క్రిప్టు. ఈ మూడు దారుల చివర స్టార్ గుర్తు పెట్టి గెట్-ఐటమ్‌ప్రాపర్టీకి ఇస్తున్న. డిస్‌ప్లేనేమ్ ఖాళీగున్నవాటిని తీసేస్తున్న. డిస్‌ప్లేనేమ్, డిస్‌ప్లేవెర్షన్, పబ్లిషర్, ఇన్‌స్టాల్‌డేట్, అంటే పేరు, వెర్షన్, తయారుచేసినోళ్లు, వేసిన తారీఖు, ఈ నాలుగు తీసుకుంటున్న. ముందట కంప్యూటర్ పేరు ఒక కాలమ్. ఆఖరికి ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీ, ఎక్సెల్‌ల తెరుచుకునే పట్టిక ఫైల్ అయితది. అండ్ల ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8 అని తప్పకుండ రాయండి. విండోస్‌తోని వచ్చే పవర్‌షెల్ 5.1ల అది రాయకపోతే, పేరుల తెలుగు అక్షరం ఉంటే దాని బదులు ప్రశ్నగుర్తులు పడ్తయి. మన భాష ఫైల్‌ల ప్రశ్నగుర్తులై కూసుంటే నాకు పానం ఒప్పది.

స్క్రిప్టు నడవనియ్యకపోతే స్క్రిప్టులను ఆపే సెట్టింగ్ ఎగ్జిక్యూషన్ పాలసీ, దాన్ని బైపాస్ అని స్కోప్ ప్రాసెస్‌తోని పెట్టండి, ఆ కిటికీ మూయంగనే పోతది. మొత్తం సిస్టమ్‌కు తెరిసి వదిలిపెట్టకండి. మైక్రోసాఫ్ట్ స్టోర్‌ల కెల్లి వేసిన యాప్‌లకు ఇంకో కమాండ్, గెట్-యాప్‌ఎక్స్‌ప్యాకేజ్. అది వేరే ఫైల్‌ల పెట్టుకోండి.

తేదీ గురించి ఒక మాట. ఇన్‌స్టాల్‌డేట్‌ల 20231107 లెక్క ఎనిమిది అంకెలు ఉంటయి. 2023 నవంబర్ 7న వేసిండ్రు అని రాసేస్తం. ఎంఎస్ఐ సాఫ్ట్‌వేర్‌కు అది మొదలు వేసిన తారీఖు కాకపోవచ్చు. ప్యాచ్, అంటే చిన్న అప్‌డేట్, పడితే ఆ తారీఖు మారిపోతది. కొన్నిటికైతే ఖాళీగనే ఉంటది. ఎవరు ఎప్పుడు వేసిండ్రని ఒకరి మీద నింద వేసేటప్పుడు ఈ తారీఖును సాక్ష్యం చేయకండి.

ఇప్పుడు రిజిస్ట్రీకి చేతకాని సంగతి. భూమి ఉన్నోళ్లకు తొందరగ సమజైతది. పహాణీల, అంటే సర్కారు భూమి లెక్కల, ఒకరి పేరుంటది, పొలంల ఇంకొకరు దున్నుతరు. సాఫ్ట్‌వేర్‌ల గూడ అంతే. అన్‌ఇన్‌స్టాల్ చేయకుండ ఫోల్డర్‌ను డిలీట్ చేస్తే, రిజిస్ట్రీల పేరు అట్లనే నిలబడి ఉంటది. ఇటుదిక్కు పోర్టబుల్ సాఫ్ట్‌వేర్ ఉంటది. పెన్‌డ్రైవ్‌ల కెల్లి కాపీ చేసి నడుపుకునేది. అది సాదాబైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేకుండ తెల్లకాయితం మీద కొన్న భూమి లెక్క. మనిషి పొలంల ఉన్నడు, సర్కారు కాయితంల లేడు. దాన్ని పట్టాలంటే డిస్కు మీద ఈఎక్స్ఈ ఫైళ్లు, అంటే ప్రోగ్రాము ఫైళ్లు, వెతకాలె. ఒక్కొక్క సిస్టమ్‌కు చానసేపు పడ్తది. ఫైల్ పేరు మార్చి దాచినా, ఫైల్ లోపలి వివరాలు, వెర్షన్‌ఇన్ఫోల ప్రొడక్ట్‌నేమ్ ఉంటే అసలు పేరు బయటపడ్తది. మాకు డీ డ్రైవ్‌ల "నోట్స్" అనే ఫోల్డర్‌ల మూడు గేములు అట్లనే దొరికినయి.

ఇది కాలేజీ సిస్టమ్‌ల సంగతి. ఎవరి సొంత ల్యాప్‌టాప్ మీదనైనా నడపాలంటే వాళ్లను అడిగినంకనే నడపండి. ఏ యాప్ వాడుతున్నరో చూస్తే మనిషి ఇంట్ల సంగతులు గూడ తెలుస్తయి.

ల్యాబ్‌ల పెన్‌డ్రైవ్ పట్టుకొని తిరిగినం. లాగిన్ కావుడు, నడుపుడు, ఇంకోదానికి పోవుడు. రెండు గంటలల్ల అయిపోయింది. ఫైళ్లన్నీ ఇంపోర్ట్-సీఎస్‌వీతోని కలిపి, గ్రూప్-ఆబ్జెక్ట్‌తోని పేరు పేరుకు లెక్కగట్టినం. అన్న తన రిజిస్టర్ తెరిసి, స్క్రీన్ మీద లిస్టుతోని ఒక్కొక్క పేజీ వేలు పెట్టి సరిచూసిండు. "తమ్మీ, పదిహేడో నంబర్ ఏది?" అన్నడు. నలభై ఉండాల్సిన ఫైళ్లు ముప్పై తొమ్మిదే ఉన్నయి. అంతకుముందు వారమే దానికి కరెంట్ ఇచ్చే డబ్బా, ఎస్ఎంపీఎస్, కాలిపోయింది, ఆన్ కాదు. ఆ ఒక్క సిస్టమ్ పేర్లు ఆయన నీలం పెన్నుతోని రాసిన పేజీల కెల్లి చూసి, నేను చేత్తోని టైప్ చేసి కలిపిన.