రేడియో ఓట్లు మార్చలేదు, ఫోన్లు మోగించింది!

నమస్తే అండీ. సూటిగా విషయానికి వస్తా. అమెరికా టాక్ రేడియో, అంటే హోస్ట్ రాజకీయాలు మాట్లాడుతూ శ్రోతల ఫోన్లు తీసుకునే షోలు. ఆ మాట ఎత్తితే చాలు, అందరిదీ ఒకటే పాట. పొద్దస్తమానం అరుపులట, తిట్లట. వినేవాళ్లకి లోకజ్ఞానం ఉండదట, రాజకీయాలంటే విరక్తి పుట్టి ఇంట్లో కూర్చుంటారట. తప్పు! పూర్తిగా తప్పు! ఆ రేడియో వినేవాళ్లు ఇంట్లో కూర్చునే రకం కాదు. ఓటేస్తారు, ఉత్తరాలు రాస్తారు, అక్కడి ఎంపీ, అంటే కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి ఫోన్ చేసి నిలదీస్తారు. టాక్ రేడియో ఓట్లు మార్చింది అనుకుంటున్నారు చూడండి, కాదు. ఫోన్లు చేయించింది. నేను ఈ వీడియో చేస్తున్నదే ఈ ఒక్క ముక్క చెప్పడానికి.

ఇది నా ఊహ కాదు. 1996లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలోని అనెన్‌బర్గ్ పరిశోధకులు ఈ శ్రోతల మీద పెద్ద అధ్యయనం చేశారు. విననివాళ్ల కంటే వినేవాళ్లే వార్తలు ఎక్కువ చదువుతున్నారు, రాజకీయాల్లో ఎక్కువ పాల్గొంటున్నారు అని తేలింది. పత్రికలు గీసిన బొమ్మ వేరు, అసలు శ్రోత వేరు. దీనికి ఒక వాదన ఉంది: "చురుకైనవాళ్లే రేడియో పెడతారు, రేడియో వాళ్లని చురుగ్గా చేయలేదు" అని. సరే, సగం ఒప్పుకుంటా. మరి 1989లో జరిగిందానికి ఏం చెబుతారు?

అప్పుడు అమెరికా కాంగ్రెస్ సభ్యుల జీతం 51 శాతం పెంచే ప్రతిపాదన వచ్చింది. 89,500 డాలర్ల నుంచి 1,35,000 డాలర్లకి. పైగా ఉభయ సభలూ వద్దని ఓటేస్తే తప్ప దానంతట అదే అమల్లోకి వస్తుంది. అంటే ఎవరూ చెయ్యి ఎత్తక్కర్లేదు, ఎవరూ దొరకరు! రేడియో హోస్టులు ఊరుకోలేదు. బోస్టన్‌లో జెర్రీ విలియమ్స్ లాంటివాళ్లు మైకు పట్టుకున్నారు, వినియోగదారుల ఉద్యమ నాయకుడు రాల్ఫ్ నేడర్ వాళ్లతో చేతులు కలిపారు. శ్రోతలు కాంగ్రెస్‌కి టీ బ్యాగులు పోస్ట్ చేశారు. బ్రిటిష్ వాళ్ల పన్ను మీద కోపంతో టీ పెట్టెల్ని నీళ్లలో పారేసిన బోస్టన్ టీ పార్టీ గుర్తుందిగా, అది! ఫిబ్రవరి 7న ప్రతినిధుల సభ 380-48 తేడాతో జీతాల పెంపుని కొట్టేసింది. తమ జీతాల పెంపు తామే వద్దనుకున్నారండీ! ఈ పోరులో దిగిన జనంలో లెఫ్ట్ వాళ్లూ ఉన్నారు, రైట్ వాళ్లూ ఉన్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

ఇక రష్ లింబా. రిపబ్లికన్ల వైపు, అంటే రైట్ వైపు మాట్లాడే కన్సర్వేటివ్ రేడియో హోస్ట్. 1949 నుంచి అక్కడ ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ అని ఒక నిబంధన ఉండేది. వివాదం ఉన్న విషయం మీద మాట్లాడితే అవతలి పక్షానికీ చోటివ్వాలి. 1987లో దాన్ని తీసేశారు. 1988 ఆగస్టులో లింబా దేశమంతటికీ మొదలుపెట్టాడు. రోజూ మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా, అతిథులు దాదాపు లేకుండా, ఒక్కడే. తర్వాత 600కి పైగా స్టేషన్లు. కారులో ఒంటరిగా పోయేవాడు, ట్రక్కు నడిపేవాడు, షెడ్డులో పనిచేసుకునేవాడు మూడు గంటలు ఒకే గొంతు వింటున్నాడు. టీవీ చూసేటప్పుడు పక్కన ఇంట్లోవాళ్లు ఉంటారు, "ఛ, అదేం మాట" అంటారు. కారులో అనేవాళ్లు ఎవరు? ఆ గొంతు నేస్తం అయిపోతుంది. నేస్తం "ఇవాళ వాషింగ్టన్‌కి ఫోన్ చెయ్" అంటే చేస్తాం కదా! నా సిద్ధాంతం అదే. బలం వాదనలో లేదు, ఆ ఒంటరితనంలో ఉంది.

1994లో రిపబ్లికన్లు 54 సీట్లు పెంచుకుని 40 ఏళ్ల తర్వాత ప్రతినిధుల సభ గెలిచారు. కొత్తగా గెలిచినవాళ్లు లింబాని గౌరవ సభ్యుడిగా చేసుకున్నారు. అందరూ ఇక్కడే ఆగిపోతారు, "చూశారా, డెమొక్రాట్లని ఓడించాడు" అని. నేను ఆగను. అసలు కథ 2007లో ఉంది.

అప్పుడు ప్రెసిడెంట్ బుష్. రిపబ్లికన్! లింబా పార్టీయే! పత్రాలు లేకుండా ఉంటున్న సుమారు 1 కోటి 20 లక్షల మందికి చట్టబద్ధమైన దారి చూపించే ఇమిగ్రేషన్ బిల్లుని ఆయన బలపరిచారు. మనవాళ్లకీ అది పట్టే విషయమే. గ్రీన్‌కార్డుకి కంపెనీ స్పాన్సర్ చేసే పద్ధతి బదులు పాయింట్ల పద్ధతి తేవాలని అందులో ఉంది. టాక్ రేడియో మొత్తం బిల్లు మీద పడింది. జూన్ 28న ఫోన్ల దెబ్బకి సెనేట్ ఫోన్ వ్యవస్థే కుప్పకూలింది. 60 ఓట్లు కావాల్సిన చోట 46 వచ్చాయి. బిల్లు అక్కడితో సరి. దానికి కొద్ది రోజుల ముందే రిపబ్లికన్ సెనేటర్ ట్రెంట్ లాట్ అన్నారు: "అమెరికాని టాక్ రేడియో నడుపుతోంది" అని. సొంత పార్టీ నాయకుడి మాట అది! రేడియో లొంగదీసింది ప్రత్యర్థిని కాదు, సొంత ఇంటివాళ్లని. ఎందుకంటే ఫోన్ చేసినవాళ్లే ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, వచ్చి ఓటేసేది.

నాకు కోపం ఎక్కడంటే, అంత శక్తిని ఒకే దిక్కుకి తోలేశారు. 1989లో రెండు పక్షాల జనం కలిసి ఫోన్ చేశారు. తర్వాత? ఎవరి కాల్ గాలిలోకి వెళ్లాలో కాల్ స్క్రీనర్ తేలుస్తాడు, హోస్ట్ మాట పెంచడానికి పనికొచ్చేవాడికే లైన్. శాన్ డియాగోలో రిచర్డ్ హాఫ్‌స్టెటర్ బృందం పరిశోధిస్తే, కన్సర్వేటివ్ షోలు వినేవాళ్లలో తప్పుడు సమాచారం నమ్మడం ఎక్కువగా కనిపించింది. పౌరుడు నిద్రలేచాడు, కానీ చేతిలో తప్పు చీటీ పెట్టి పంపారు. 2012లో ఒక లా విద్యార్థినిని లింబా నోటికొచ్చినట్టు తిట్టాడు. ప్రకటనలిచ్చేవాళ్లు వరసగా పారిపోయాక క్షమాపణ చెప్పాడు. అతణ్ని సమర్థించను. కానీ అతని శ్రోతల్ని వెర్రివాళ్లంటే మాత్రం ఊరుకోను.

మరి మన దగ్గర? గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ప్రైవేట్ ఎఫ్‌ఎం సొంతంగా వార్తలు చెప్పకూడదు, రాజకీయం చర్చించకూడదు. ఆకాశవాణి బులెటిన్ ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు. కరెంటు, నీళ్ల సమాచారం చెప్పొచ్చు, అదీ అధికారులు ఇచ్చినంత వరకే. నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పు, ఎందుకు రాలేదో అడక్కు! ఇదేం నిబంధనండీ? 2014 నుంచి ప్రధాని 'మన్ కీ బాత్' వస్తోంది. జనం సందేశాలు పంపుతారు, నిజమే. లైవ్‌లో ఎదురు ప్రశ్న వేసే లైన్ మాత్రం లేదు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. వరంగల్‌లో, విజయవాడలో ఏదైనా ఎఫ్‌ఎం రోజుకి ఒక గంట వార్డు సమస్యల మీద కాల్స్ తీసుకోనివ్వండి. స్టూడియోలో అధికార పార్టీ కార్పొరేటర్, పక్కనే ప్రతిపక్షం వాళ్లు. స్క్రీనర్ వద్దు, ఫోన్ వచ్చిన వరసలో లైన్ ఇవ్వండి. దీనికి ఏ ప్రభుత్వం అడ్డుపడుతుందో, ఏ కారణం చెబుతుందో నాకు చూడాలని ఉంది.